పనసచెట్టు కింద ఇంజిను

"ఇంజిను దింపాల బావూ" అని మేస్త్రీ అన్న సాయంత్రం ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒక కుటుంబానికి బొలెరో పికప్పో టాటా ఏసో ఉందంటే అది రెండెకరాల పల్లంతో సమానం. అప్పుచేసి కొంటారు, నెలనెలా వాయిదా కడతారు. ఉద్దానం కొబ్బరికాయలు, పలాసకి జీడిపిక్కలు, తీరం నుంచి చేపలు, సంతకి మేకలు, పెళ్ళిళ్ళకి టెంటు సామాను, ఏది దొరికితే అది వేసి తిప్పుతారు. బండి ఆగినా వాయిదా ఆగదు. అందుకే ఇంజిను పని అనగానే రెండు లెక్కలు ఒకేసారి మొదలవుతాయి: ఎంత డబ్బు, ఎన్ని రోజులు. ఆ రెండో లెక్కే చాలామందిని ఒక ప్రశ్న దగ్గరికి తెస్తుంది. షెడ్డులో వరసలో పెట్టి ఎదురుచూడటమెందుకు, ఇంటి దగ్గరే విప్పుకుంటే పోదా?

దీనికి మన దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. జీపుల కాలంలో చేయి తిరిగిన పెద్దవాళ్ళు "ఇంజినంటే ఏటుంది, ఇనుమే కదా, ఇప్పితే తెలస్తది" అంటారు. కంపెనీ సర్వీసులో పనిచేసి వచ్చిన కుర్రవాళ్ళు ఇప్పటి బండ్లని లాప్‌టాప్ లేకుండా ముట్టుకోకూడదంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరూ చూసిన బండ్లు వేరు. రెండు రకాల పనీ దగ్గరుండి చూసినవాడిగా నాకు తేలింది ఒక్కటే. ఇంటి దగ్గర చెయ్యగలిగిన పనికీ చెయ్యకూడని పనికీ మధ్య గీత గీసేది కొలత. కొలవగలిగినంత మేరకే విప్పాలి. కొలవలేని చోట ఆగి, ఆ సామాను కొలిచేవాడి దగ్గరికి పంపాలి. బండి పాతదైనా కొత్తదైనా ఇదే లెక్క.

ముందు బండ్ల సంగతి. మన రోడ్ల మీద తిరిగే పికప్పులన్నీ ఒక్క తరానివి కావు. టాటామొబైల్ 1988లో వచ్చింది, ఆ వరసలోనే తరవాత 207 పల్లెపల్లెకీ చేరింది. మహీంద్ర జీపుల్లో ఒకప్పుడు ప్యూజో డీజిలు ఇంజిన్లుండేవి. తరవాత 2,523 సీసీ నాలుగు సిలిండర్ల డీఐ ఇంజిను బొలెరో పికప్పుకి ప్రాణమైంది. అదే సీసీలో తరవాత, కంప్యూటరు అదుపులో డీజిలు చిమ్మే కామన్‌రైలు వచ్చింది. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో రెండే సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవరు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్‌లో మూడు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మేవన్నీ బీఎస్-6 బండ్లు. చేతిపంపులా మెకానికల్ పంపుతో నడిచే పాత ఏస్‌కీ, కంప్యూటరు ఆడించినట్టు ఆడే కొత్త పికప్పుకీ మెడ దాకా శరీరం ఒకటే: క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, వాల్వులు. తేడా అంతా డీజిలు లోపలికి వెళ్ళే దారిలోనూ, పొగ బయటికి వచ్చే దారిలోనూ ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతా వ్యాసమంతా సులువుగా అర్థమవుతుంది.

మన నేల కూడా ఇంజిన్ల మీద తన పని తాను చేస్తుంది. సాలూరు పేరు చెబితే లారీలే గుర్తొస్తాయి. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల వైపు వెళ్ళే సరుకు ఆ ఊరి మీదుగా ఘాటెక్కుతుంది. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది కానీ విజయనగరం మేస్త్రీల చదువులో సగం సాలూరు లారీల దగ్గరే జరిగింది. పి.కోనవలస ఘాట్ మీద బరువుతో రెండో గేరులో ఎక్కే పికప్పుకి ఎదురుగాలి తగలదు, ఇంజిను మాత్రం పూర్తి బలంతో పనిచేస్తూ ఉంటుంది. రేడియేటరు సగం పూడిపోయి ఉంటే మైదానంలో తెలియదు, అక్కడ తెలుస్తుంది. హెడ్డు వంకరపోయి గ్యాస్కెట్ కొట్టేసిన బండ్లలో చాలావాటి కథ ఇలాంటి ఎక్కుళ్ళ మీదే మొదలవుతుంది. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల దుమ్ము ఇంకో రకం శత్రువు. ఎయిర్ ఫిల్టరు పైపుకి చిన్న చీలిక ఉంటే చాలు, ఆ పొడి సిలిండరు గోడల్ని ఎమెరీ కాగితంలా అరగదీస్తుంది. చేపల బండ్లది మరో బాధ. ఐసు కరిగి ఉప్పునీరు కారి కారి ఛాసిస్సూ, ఇంజిను మౌంటింగులూ, బోల్టు తలలూ తుప్పుపట్టి, విప్పబోతే పానా గుండ్రంగా తిరిగిపోతుంది.

ఇక అసలు పని. విప్పడానికి ముందు కనీసం రెండు రోజులు బండిని చూడాలి. ఒకసారి మా ఊరి దగ్గర ఒక డ్రైవరు, "బండి బరువు లాగలేకపోతంది గురువుగారూ, ఇంజిను దించేద్దుమా?" అని అడిగితే మేస్త్రీ "ముందల ఫిల్టర్లు సూడు. ఇంజినెక్కడికీ పారిపోదు" అన్నాడు. చూస్తే డీజిలు ఫిల్టరు నిండా నీళ్ళు. అంత అనుభవమున్న మనిషి అంత చిన్న చోట మొదలుపెట్టడం నాకు పాఠమైంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదనో డీజిలు ఎక్కువ పడుతోందనో అర్థం. ఫిల్టరు, టర్బో గొట్టం, నాజిల్ చూడాలి. నీలంపొగ వస్తే మొబిలాయిలు కాలుతోంది. తెల్లపొగ పొద్దున్న చలిలో కాసేపు వచ్చి పోతే పరవాలేదు, వేడెక్కాక కూడా తీపి వాసనతో వస్తుంటే కూలెంటు సిలిండరులోకి దిగుతోంది. డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలు పోసిన టీ రంగులో కనిపించిందా, ఇక బండి కదపకూడదు. నూనెలో నీళ్ళు కలిశాయి, ఒక్క కిలోమీటరు నడిపినా బేరింగులు పోతాయి.

మన మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అనేదాన్ని చూడటం తేలిక. ఇంజిను నడుస్తుండగా నూనె పోసే మూత తీసి తిరగేసి పెడతారు. మూత కాస్త కదిలితే సరే, ఎగిరి పడితే రింగుల పక్కనుంచి గాలి కిందికి జారుతోంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియాల్సింది దీని తరవాతి మెట్టు. టైరు పంచర్ల షాపులో కంప్రెసరు ఉంటుంది. నాజిల్ రంధ్రంలోంచో గ్లోప్లగ్గు రంధ్రంలోంచో ఒక అడాప్టరు బిగించి, ఆ సిలిండరు పిస్టన్ని కంప్రెషన్ స్ట్రోకు పైచివరికి తెచ్చి గాలి పట్టించి వినాలి. నూనె మూత దగ్గర బుస్సుమంటే రింగులు, ఇన్‌లెట్ గొట్టంలో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సరులో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటరులో బుడగలొస్తే గ్యాస్కెట్టో హెడ్డు పగులో. గాలి ఒత్తిడికి పిస్టను కిందికి తన్నేసి క్రాంకు తిరుగుతుంది కనుక ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకూడదు, బండి గేరులో ఉండాలి. ఈ పరీక్షకి పట్టేది ఒక పూట. దీనితో ఏ సిలిండరు, ఏ భాగం అన్నది విప్పకముందే తెలుస్తుంది. హెడ్డు ఒక్కటి తీస్తే సరిపోయేచోట క్రాంకు దాకా విప్పి నష్టపోయినవాళ్ళని నేను చాలామందిని చూశాను, నిజంగా బాధేస్తుంది.

ఎప్పుడు విప్పాలి అన్నది కూడా ప్రశ్నే. చేపల బండ్లకి తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, దేవుడిచ్చిన సెలవు. జీడి బండ్లకి అదే కాలం ముమ్మరం. కొబ్బరికి ఏడాదంతా పనే. వానాకాలంలో బయట విప్పడం పొరపాటు, ఎండాకాలం గాలిలో ఇసుక. తీరం పక్క ఊళ్ళలో మధ్యాహ్నం తిరిగిన గాలి ఇసుక మోసుకొస్తుంది. పొద్దున్న విప్పి, పదకొండింటికల్లా తెరిచిన భాగాలన్నీ మూసేసే మేస్త్రీని నేను గౌరవిస్తాను. మూయడానికి గోనెసంచి వాడకూడదు, పీచు రాలుతుంది. ఉతికిన పాత నూలు పంచెముక్క, దాని మీద పాలిథిన్ కవరు మంచిది.

చెట్టునీడ మంచిదే కానీ చెట్టుకొమ్మకి ఇంజిను వేలాడదీయడం ప్రాణాల మీదికి తెస్తుంది. నాలుగు సిలిండర్ల పోత ఇనుము ఇంజిను రెండువందల కిలోల పైమాటే. బోరు మోటార్లు దింపేవాళ్ళ దగ్గర మూడుకాళ్ళ స్టాండూ చైన్ బ్లాకూ అద్దెకి దొరుకుతాయి. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకూడదు, ఇటుకల్ని అసలే నమ్మకూడదు, ఒత్తిడికి ఇటుక పటుక్కున చిట్లుతుంది. మందపాటి సాలకలప దిమ్మలు వేసుకోవాలి. పానాలు, సాకెట్లు ఎలాగూ ఉంటాయి. లేనివి మూడు: టార్కు రెంచి, ఫీలరు గేజి, తిన్నని ఉక్కు పట్టీ. మైక్రోమీటరు, డయల్ బోర్ గేజి లేత్ వాళ్ళ దగ్గర ఉంటాయి. మొదటి మూడూ కొనాలి. ఊరికొక జత ఉన్నా సరిపోతుంది, పది బండ్లు బాగుపడతాయి.

నిజానికి ఇంజిను దింపకుండానే సగం పని అయిపోతుంది. మన దగ్గర హాఫ్ ఇంజిను అంటే సాధారణంగా హెడ్డు పైకి తీసి, కింద సంపు విప్పి, పిస్టన్లు పైనుంచి లాగి రింగులూ బిగ్‌ఎండు బేరింగులూ మార్చడం. క్రాంకు కదలదు. ఫుల్ ఇంజిను అంటే క్రాంకు బయటికి రావాలి, బ్లాకు బోరింగుకి వెళ్ళాలి, అప్పుడు మొత్తం దింపాల్సిందే. ఏస్‌లో ఇంజిను సీటు కింద ఉంటుంది, అంత ఇరుకులో పనిచేసేకంటే ఒక్కోసారి దింపడమే నయం. పికప్పులో బానెట్ తీసేస్తే నిలబడి పనిచెయ్యచ్చు.

విప్పేటప్పుడు చేతికి కావలసింది ఓపిక. ప్రతి పైపుకీ వైరుకీ గుడ్డపీలికతో గుర్తు కట్టాలి, అట్టముక్కకి రంధ్రాలు చేసి బోల్టుల్ని అదే వరసలో గుచ్చాలి. ఫోనులో ఫోటో తియ్యడం మంచి అలవాటే, కానీ అట్టముక్కకి సాటిరాదు. బోల్టు పొడవు ఫోటోలో తెలియదు. కనెక్టింగ్ రాడ్డూ దాని కింది మూతా కలిపి బోరు చేసిన జంట. ఒకదాని మూత ఇంకోదానికి వేస్తే రంధ్రం గుండ్రం తప్పుతుంది, నెల తిరక్కుండా బేరింగు తిరిగిపోతుంది. అందుకే తియ్యకముందే నంబరు పంచి కొట్టుకోవాలి. హెడ్డు బోల్టులు ఒక వరసలో, లోపలినుంచి బయటికి బిగిస్తాం, విప్పేటప్పుడు బయటినుంచి లోపలికి కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది.

హెడ్డు తీశాక ఆ ఉక్కు పట్టీ ఆరు దిక్కుల్లో ఆనించి, కింద ఫీలరు గేజి దూర్చి చూడాలి. మిల్లీమీటరులో పదో వంతు సందు దొరికినా చాలా ఇంజిన్లకి అది హద్దు దాటినట్టే, సర్ఫేసింగుకి వెళ్ళాలి. అసలు హద్దు ఎంతో ఆ ఇంజిను మాన్యువల్లో ఉంటుంది. ఇక్కడే మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి. మా చిన్నాన్న పికప్పు హెడ్డు పెరట్లో పనసచెట్టు కిందే తీశాం. హెడ్డు సర్ఫేసు చేయించాం, వాల్వులు పేస్టు పెట్టి చేత్తో రుద్దుకున్నాం, కొత్త గ్యాస్కెట్ తెచ్చి బిగించాం. బండి స్టార్టయింది. కానీ రోజూ పొద్దున్న చాలాసేపు తిప్పితే గాని పట్టేది కాదు, తెల్లపొగ కమ్మేది. వారం తరవాత మళ్ళీ విప్పాం. పాత గ్యాస్కెట్ అంచుకి ఒక గాటుంది, కొత్తదానికి రెండు. ఆ గాట్లు మందానికి గుర్తు. పిస్టను బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి, దానికి తగ్గ మందం వెయ్యాలి. మందం ఎక్కువైతే కంప్రెషన్ తగ్గుతుంది, డీజిలు అంటుకోదు. తక్కువైతే పిస్టను హెడ్డుకే తగులుతుంది. డీజిలు ఇంజినులో స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని పదిహేడు, పద్దెనిమిది రెట్లు, ప్రీఛాంబరు ఉన్న పాతవాటిలో ఇరవై రెట్లకి పైగా నొక్కితే పుట్టే వేడే నిప్పు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజినుదీ అదే సూత్రం. ఆ నొక్కుడులో కొద్ది తేడా వచ్చినా నిప్పు పుట్టదని పుస్తకంలో చదివాం. పెరట్లో వారం రోజులు పోగొట్టుకున్నాక గాని మా చేతులకి తెలియలేదు.

బోల్టుల సంగతీ అంతే. చాలా ఇంజిన్లకి హెడ్డు బోల్టులు ఇంత టార్కు బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పాలని ఉంటుంది. అలా తిప్పినప్పుడు బోల్టు సాగి స్ప్రింగులా పట్టుకుంటుంది. ఒకసారి సాగినదాన్ని మళ్ళీ వాడితే అది ఇంకా సాగుతుంది, పట్టు ఉండదు. "అంత లావు బోల్టు, ఏటవుద్ది?" అని పాతవే బిగించే అలవాటు మనదగ్గర గట్టిగా ఉంది. కంటికి కొత్తగా కనిపించే బోల్టు లోపల అలిసిపోయి ఉండొచ్చు. సిలికాన్ పేస్టు కూడా ఇలాంటి అలవాటే. గ్యాస్కెట్ పక్కన బయటికి వచ్చినంతే లోపలికీ పిండుతుంది. ఆ ముద్దలు ఊడి నూనె జల్లెడకి అడ్డం పడితే, బాగుచేసిన ఇంజిను బాగుచేసిన వారానికే పట్టేస్తుంది.

సిలిండరు దగ్గరికి వస్తే కంటిచూపు మోసం చేస్తుంది. గోడ అద్దంలా మెరుస్తుంటే బాగుందనుకుంటాం. అసలు అలా మెరవడమే అరుగుదలకి గుర్తు. హోనింగు గీతలుంటేనే నూనె నిలుస్తుంది. అరుగుదల పైరింగు తిరిగి వెనక్కి మళ్ళే చోట ఎక్కువ, అడుగున తక్కువ. గోరుతో తడిమితే పైన మెట్టు తగులుతుంది. కొత్త రింగుని సిలిండరు పైభాగంలో ఒకసారి, అడుగున ఒకసారి నిలిపి కొసల మధ్య సందు ఫీలరు గేజితో కొలిస్తే పైకీ కిందికీ తేడా తెలుస్తుంది. ఈ కొలత ఇంట్లోనే చెయ్యొచ్చు. తేడా హద్దులో ఉంటే రింగులు మార్చి సరిపెట్టుకోవచ్చు. దాటితే లేత్‌కి పంపి బోరు చేయించి 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వెయ్యాలి, లేదా లైనర్లు మార్చాలి. అరిగిన గోడకి కొత్త రింగులు వేసి "సరిపోద్దిలే" అనుకోవడం మన ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. మొదటి నెల పొగ తగ్గుతుంది, మూడో నెలకి మొదటికొస్తుంది. క్రాంకు జర్నళ్ళకీ ఇదే మాట. మైక్రోమీటరుతో రెండు దిక్కుల్లో కొలిచి గుండ్రం తప్పితే గ్రైండింగు, దానికి తగ్గ అండర్‌సైజు బేరింగు. కొలిచిన అంకెలు లేత్ వాడికి చెప్పడం కాదు, వాడు కొలిచినవి మనం రాసుకోవాలి.

లేత్ తరవాత ఇంటి బయటికి వెళ్ళి తీరాల్సింది పంపూ నాజిళ్ళూ. మన దగ్గర పాతవాళ్ళు ఇప్పటికీ మైకో పంపు అంటారు. 1951లో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరది, 2008లో బాష్ అయింది. పేరు మారినా జనం నోట మైకోనే. ఆ పంపు లోపలి ప్లంజరు, బారెలు ఒకదానికొకటి చేసిన జతలు. వెంట్రుక మందంలో పదో వంతుకంటే చాలా తక్కువ సందుతో తిరుగుతాయి. దాన్ని పెరట్లో విప్పడమంటే గడియారాన్ని కళ్ళంలో విప్పడమే. క్యాలిబ్రేషన్ బెంచి ఉన్నచోటికే వెళ్ళాలి. నాజిళ్ళని ఇంట్లో తియ్యచ్చు, వాటి కింద రాగి వాషర్లు కొత్తవి వెయ్యాలి, పాత వాషరు రంధ్రంలోనే అంటుకుపోయి ఉంటే దాని మీద ఇంకోటి పడకుండా చూసుకోవాలి. అవి ఎలా పిచికారీ చేస్తున్నాయో చూడాల్సింది మాత్రం టెస్టరు మీద. చూసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోంచి దూసుకుపోతుంది. పైకి సూదిగుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, లోపల కండ కుళ్ళిపోతుంది. నొప్పి లేకపోయినా గంటల్లో ఆపరేషను చేసే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ ఒక్క సంగతి తెలియక వేలు పోయే ప్రమాదముంది కనుక గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడే పాత అలవాటు కొత్త బండిలో చంపుతుంది. పాత ఇంజినులో ఏ సిలిండరు మిస్సవుతోందో తెలుసుకోవడానికి, నడుస్తుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులుచేసి చూసేవాళ్ళు. కామన్‌రైలులో ఆ పైపులో 1,600 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది. ఇంజిను నడుస్తుండగా ఆ నట్టు మీద పానా పెట్టకూడదు, ఆపాక కూడా కాసేపు ఆగాలి. కామన్‌రైలు ఇంజెక్టరు ఒక్కోదాని మీద ఒక కోడ్ ఉంటుంది. దాన్ని కంప్యూటరులో రాయాలి, లేకపోతే ఇంజిను నున్నగా నడవదు. ఇంజెక్టర్లని తీసి సిలిండర్లు మార్చి పెట్టినా అంతే. బీఎస్-6తో ఎగ్జాస్టు దారిలో ఫిల్టర్లూ సెన్సర్లూ చేరాయి. డీజిలులో గంధకం బీఎస్-4 నాటి 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకి తగ్గింది. ఇంటి దగ్గర మెకానికల్ పని ఈ బండ్లలోనూ అంతే, కానీ మొదటి అడుగూ చివరి అడుగూ స్కానరుతో పడాలి. ఎర్రర్ కోడ్లు చదవకుండా విప్పితే, సెన్సరు తప్పుకి ఇంజిను శిక్ష అనుభవిస్తుంది.

ఆ స్కానరు, ఆ మాన్యువలు బయటి మేస్త్రీకి దొరకాలా వద్దా అన్న తగువు చిన్నది కాదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్, స్పేరు పార్టులూ డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి మేస్త్రీలకి అందకుండా చేస్తున్నాయని 14 కార్ల కంపెనీలకి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో మోటారు వాహనాలూ వ్యవసాయ పరికరాలూ ఉన్నాయి. ఆ డిసెంబరులోనే పోర్టల్ కూడా తెరిచారు. నా దృష్టిలో ఇది పెద్ద నగరాల కార్ల గొడవ కంటే ముందు నరసన్నపేట, చీపురుపల్లి, పాతపట్నం మేస్త్రీల బతుకు గొడవ. టార్కు ఎంతో, గ్యాస్కెట్ గాట్లకి అర్థమేమిటో తెలుగులో ఒక చిన్న పుస్తకంగా బండితోపాటే ఇస్తే సగం పాడుపనులు ఆగిపోతాయి. యూట్యూబులో చేతులు చూపిస్తారు, అంకెలు చెప్పరు.

తుపానుల సంగతి చెప్పకుండా మన ప్రాంతపు ఇంజిన్ల గురించి రాయలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ చెట్లతోపాటు బండ్లనీ ముంచాయి. నీట మునిగిన డీజిలు బండికి తాళం తిప్పడమే పెద్ద ప్రమాదం. గాలిని నొక్కగలం, నీళ్ళని నొక్కలేం. సిలిండరులో గుక్కెడు నీరున్నా పైకొస్తున్న పిస్టను ఆగిపోతుంది, క్రాంకు ఆగదు, మధ్యలో రాడ్డు వంగుతుంది. వంగిన రాడ్డుతో బండి కొన్నాళ్ళు నడుస్తుంది కూడా, ఒకరోజు బ్లాకు పక్కగోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. మునిగిన బండికి బ్యాటరీ తీగ పీకి, ఎయిర్ ఫిల్టరు చూసి, అది తడిసి ఉంటే నాజిళ్ళో గ్లోప్లగ్గులో తీసి, క్రాంకుని చేత్తో తిప్పి నీరు కక్కించాలి. నూనె, డీజిలు, ఫిల్టర్లు అన్నీ మార్చాలి. ఇదంతా ఇంట్లో చెయ్యదగ్గ పని, చెప్పాలంటే ఇంట్లోనే చెయ్యాల్సిన పని. రోడ్లు తెగిపోయిన ఊరికి మేస్త్రీ వచ్చేదాకా ఆగితే సిలిండరు గోడలు తుప్పుపడతాయి.

పార్టుల గురించి ఒక్కమాట: డబ్బా చూసి కొనకండి, బేరింగుల మీదా రింగుల మీదా గుర్తులు చూసి కొనండి, బిల్లు తీసుకోండి. ప్రమాదంలో పోయిన బండి నుంచి ఇంజిను తెచ్చి వేసుకోవడం ఒక్కోసారి లాభమే. కానీ ఇంజిను నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఆర్టీఓ అనుమతి లేకుండా మారిస్తే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతారు. తీసిన నూనెని పెరట్లో, కొబ్బరి మొదట్లో పారబోయడం మా తాతల నాటి నుంచి చూస్తున్నాను. కిడ్నీ జబ్బుల భయంతో నీళ్ళ గురించి ఇంత కలవరపడే ఉద్దానంలో ఆ పని ఆగి తీరాలి. డబ్బాలో పోసి పాతనూనె కొనేవాళ్ళకి ఇవ్వచ్చు.

బిగించాక తాళం తిప్పే తొందర అందరికీ ఉంటుంది. ముందు క్రాంకుని పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. క్యాము ఒక చుట్టు తిరగడానికి క్రాంకు రెండు తిరగాలి. టైమింగు తప్పి ఉంటే వాల్వు పిస్టనుకి తగిలి చెయ్యి ఆగిపోతుంది. స్టార్టరు మోటారుకి ఆ స్పర్శ తెలియదు, వాల్వు వంచేస్తుంది. డీజిలు లైనులో గాలి తీసి, డీజిలు ఆపి ఉంచి, నూనె లైటు ఆరేదాకా స్టార్టరుతో తిప్పి అప్పుడు వదలాలి. టర్బో ఉంటే దానికి ముందే నూనె పొయ్యాలి. నూనె లేకుండా తిరిగిన మొదటి అరనిమిషమే దాని బేరింగుకి ఎసరు పెడుతుంది. ఇంజిను పట్టాక అదే పనిగా నిలబెట్టి ఉంచకూడదు, రింగులు కూర్చోవు. వేడెక్కాక సగం బరువుతో తిప్పాలి.

చిన్నాన్న బండి రెండోసారి బిగించిన రోజు అలాగే చేశాం. నాలుగో తిప్పుకి పట్టింది. పొగ వచ్చి పోయింది. పిన్ని ఇంట్లోంచి నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. చిన్నాన్న మాత్రం బండెక్కలేదు. పాక గోడ దగ్గరికి వెళ్ళి, బొగ్గుతో ఆ రోజు కొలతలన్నీ రాశాడు: నాలుగు సిలిండర్లు, పైన ఒక అంకె, కింద ఒక అంకె, గ్యాస్కెట్‌కి ఎన్ని గాట్లు, తేదీ. మొన్న మళ్ళీ రింగులు మార్చినప్పుడు వాళ్ళబ్బాయి ఆ అంకెల పక్కనే కొత్తవి రాశాడు. మూడో సిలిండరు పైన కొంచెం అరిగింది, మిగతావి అలాగే ఉన్నాయి.